ఆన్‌లైన్ జట్టు ఆటలు: కొత్త ఆటగాళ్ల చేరిక

ఇంటర్నెట్ ద్వారా కలిసిన ఆటగాళ్లు కొద్దిమంది మొదలు వందలమంది దాకా ఒకే పక్షంగా ఏర్పడి, ఉమ్మడి గెలుపు కోసం ఆడే కంప్యూటర్, ఫోన్ ఆటలను జట్టు ఆటలు అంటారు. ఇవి ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తాయి కాబట్టి, ఏ రోజు చూసినా పదేళ్లుగా ఆడుతున్నవారూ ఆ ఉదయమే చేరినవారూ ఒకే మైదానంలో ఎదురుపడుతుంటారు. ఈ ఇద్దరూ ఒక జట్టులో ఇమిడేందుకు ఆటల నిర్మాతలు చేసిన ఏర్పాట్లనూ, ఆటగాళ్లు తమంతట తాము కల్పించుకున్న ఆచారాలనూ, వాటిపై పరిశోధకులు చెప్పిన మాటలనూ ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. నాలుగు దశాబ్దాలు దాటిన ఈ చరిత్రను గమనిస్తే, కొత్తవారికి పాఠాలు చెప్పడం కంటే, వారి పొరపాటు వల్ల జట్టుకు కలిగే నష్టాన్ని తగ్గించి, నిజంగా పనికొచ్చే చిన్న పనిని తొలిరోజునే వారికి అప్పగించడం ఎక్కువ ఫలితమిచ్చిందని చెప్పవచ్చు.

పొరపాటు ఖరీదు

ఒంటరిగా ఆడే ఆటలో పొరపాటు చేసినవారే దాని ఫలితం అనుభవిస్తారు. మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. జట్టు ఆటలో ఆ పొరపాటుకు తోటివారు కూడా తమ సమయంతో మూల్యం చెల్లించాలి. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్, 2013లో వచ్చిన డోటా 2 వంటి ఐదుగురితో ఐదుగురు తలపడే ఆటల్లో ఒక్కో పోటీ సాధారణంగా అరగంటకు అటూ ఇటూగా సాగుతుంది. ఒక ఆటగాడు చనిపోయిన ప్రతిసారీ చంపినవారికి బంగారం, అనుభవ పాయింట్లు దక్కి వారి బలం పెరుగుతుంది కాబట్టి, కొత్తవాడు తెలియక ముందుకు వెళ్లి పదేపదే చనిపోతే తన పక్షం ఒక మనిషిని కోల్పోవడమే కాక ఎదుటి పక్షం అంతకంతకూ బలపడుతుంది. దీన్ని ఆటగాళ్లు ఫీడింగ్ అంటారు. మధ్యలో వెళ్లిపోయినవారికి శిక్ష పడుతుంది కనుక, ఓటమి ఖాయమని తెలిసి కూడా మిగిలిన నలుగురూ చాలాసార్లు చివరిదాకా కూర్చోవలసివస్తుంది. ఇటువంటి చోట కొత్తవారి మీద పడే తిట్లకు సంస్కార లోపం ఒక్కటే కారణమనుకోవడం సరికాదు; ఆ కోపంలో పెద్ద భాగాన్ని ఆట నిబంధనలే తయారుచేస్తున్నాయి.

జట్టు పెరిగే కొద్దీ ఈ ఖరీదు కూడా పెరుగుతుంది. 2004 నవంబరులో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో తొలినాళ్ల పెద్ద దాడులకు, అంటే రెయిడ్లకు, నలభై మంది కావలసివచ్చేది. శత్రువు దెబ్బలను తన మీదికి తీసుకునే ట్యాంక్, గాయాలను మాన్పే హీలర్, శత్రువును దెబ్బతీసే దాడిగాళ్లు అని వారి మధ్య పని విభజన ఉండేది. మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లో బారన్ గెడ్డన్ అనే శత్రువు ఎవరో ఒక ఆటగాడిని సజీవ బాంబుగా మార్చేవాడు. ఆ ఆటగాడు పేలేలోపు గుంపుకు దూరంగా పరుగెత్తకపోతే చుట్టూ ఉన్నవారు దెబ్బతినేవారు. సంగతి తెలియని ఒక్క మనిషి బాంబుతో గుంపు మధ్యలో నిలబడిపోతే, తక్కినవారి నైపుణ్యం ఎంతటిదైనా ఆ ప్రయత్నం మట్టిగొట్టుకుపోయి మళ్లీ మొదటికి రావలసివచ్చేది. తెలిసినవారికి ఇది అతి సులభమైన విషయమే కానీ, ఆటలో అడుగుపెట్టేటప్పుడు ఎవరూ చెప్పని విషయం కూడా.

తొలి ప్రయత్నాలు

బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 1978లో మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ తరువాత విస్తరించిన మడ్ అనే ఆట కేవలం అక్షరాలతో నడిచేది. అందులో అత్యున్నత స్థాయికి చేరిన ఆటగాళ్లకు విజార్డ్ అనే హోదా, దానితోపాటు ఆట ప్రపంచాన్ని నిర్వహించే కొన్ని అధికారాలు లభించేవి. ఆడగా ఆడగా పెద్దరికం వస్తుందనీ, పెద్దరికంతోపాటు తక్కినవారి బాగోగులు చూసే బాధ్యత కూడా వస్తుందనీ భావించే పద్ధతి అప్పటినుంచే ఉంది.

వేలమంది అపరిచితులు చేరిన తరువాత ఈ పెద్దరికం మీద ఆధారపడడం కుదరలేదు. 1997లో విడుదలైన అల్టిమా ఆన్‌లైన్‌లో ఊరి పొలిమేర దాటిన కొత్తవారిని పాత ఆటగాళ్లు కాపుకాసి చంపి, వారి సామాను దోచుకోవడం నిత్యకృత్యం కావడంతో, నిర్మాతలు 2000లో ఆట ప్రపంచాన్ని రెండుగా విభజించి, రెండోదైన ట్రామెల్‌లో ఇష్టంలేని పోరాటాలకు తావు లేకుండా చేశారు. అదే ఆటలో కొత్తవారికి సాయపడేందుకు కౌన్సిలర్లు అనే స్వచ్ఛంద సేవకులు కూడా ఉండేవారు. తాము చేసింది ఉద్యోగమేననీ, వేతనం చెల్లించాలనీ వారిలో కొందరు అమెరికాలో కోర్టుకెక్కారు. కొత్తవారికి నేర్పడం శ్రమే అయినప్పుడు ఆ శ్రమకు ప్రతిఫలం ఎవరివ్వాలి అనే ప్రశ్న ఈ రంగంలో ఇంత తొందరగా ముందుకు వచ్చింది. తరువాతి ఆటలు దానికి డబ్బుతో కాక ఆటలోని బహుమతులతో సమాధానం చెప్పుకున్నాయి.

2004లో మొదలై 2012లో మూతపడిన సిటీ ఆఫ్ హీరోస్ మరొక దారి చూపింది. స్థాయిల తేడా వల్ల స్నేహితులు కలిసి ఆడలేకపోవడం ఇటువంటి ఆటల్లో పెద్ద అడ్డంకి. యాభయ్యో స్థాయిలో ఉన్నవారు వెళ్లే చోటికి అయిదో స్థాయివారు వెళ్తే ఒక్క దెబ్బకు పడిపోతారు. సైడ్‌కిక్ అనే ఏర్పాటు ద్వారా ఈ ఆట కొత్తవారి బలాన్ని తాత్కాలికంగా పాత స్నేహితుడి బలానికి దగ్గరగా తెచ్చింది; పాతవారే కిందికి దిగివచ్చే ఏర్పాటు కూడా ఇందులో ఉండేది. తరువాత అనేక ఆటలు ఈ రెండో పద్ధతినే ఎక్కువగా అనుసరించాయి.

వేరుచేయడం, కలపడం

సమాన బలం ఉన్నవారినే ఒకచోట చేర్చే స్వయంచాలక పద్ధతిని మ్యాచ్‌మేకింగ్ అంటారు. చదరంగ క్రీడాకారుల బలాన్ని అంకెల్లో కొలిచేందుకు హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతిక శాస్త్రజ్ఞుడు అర్పాడ్ ఎలో రూపొందించిన లెక్క దీనికి మూలం. జట్లకు పనికివచ్చేలా మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తయారుచేసిన ట్రూస్కిల్ అనే పద్ధతి 2005లో ఎక్స్‌బాక్స్ 360తోపాటు వాడుకలోకి వచ్చింది. ఇందులో ప్రతి ఆటగాడికీ రెండు అంకెలుంటాయి: ఒకటి అతని నైపుణ్యం మీద యంత్రం వేసిన అంచనా, రెండోది ఆ అంచనా ఎంత సందేహాస్పదమో చెప్పేది. కొత్తవారికి అంచనా 25తో, సందేహం దానిలో మూడోవంతుతో మొదలవుతుంది. పోటీలు జరిగే కొద్దీ సందేహం తగ్గి అంచనా స్థిరపడుతుంది. జట్టు ఫలితాన్ని మాత్రమే చూసి ఒక్కొక్కరి బలాన్ని తేల్చవలసి ఉంటుంది కాబట్టి, పెద్ద జట్లలో ఇది స్థిరపడడానికి ఎక్కువ పోటీలు పడతాయి. ఈలోగా కొత్తవారు తగని చోట్ల పడుతూనే ఉంటారు.

ఈ రక్షణకు గండి కొట్టేవారు స్మర్ఫ్‌లు, అంటే కొత్త ఖాతా తెరిచి కొత్తవారి మధ్య సులువైన గెలుపుల కోసం ఆడే పాతవారు. డోటా 2 నిర్మాత వాల్వ్ 2023 సెప్టెంబరులో ఇటువంటి 90,000 ఖాతాలను నిషేధించినట్టు ప్రకటించింది. యంత్రం నడిపే ఉత్తుత్తి ఆటగాళ్లను, అంటే బాట్లను, తొలి పోటీల్లో నింపడం మరో రక్షణ. ఫోన్ ఆటల్లో ఇది మామూలే అయినా, బాట్లను చంపి తాను ఆరితేరానని నమ్మిన కొత్తవాడు కొద్ది రోజులకే నిజమైన మనుషుల మధ్య పడి, ఎందుకు ఓడిపోతున్నాడో అర్థంకాక ఆట మానేసే అవకాశం ఉంది. మొత్తం మీద మ్యాచ్‌మేకింగ్ కొత్తవారిని కాపాడుతుంది కానీ పాతవారితో కలపదు. నిజానికి అది చేసే పని ఇరువర్గాలనూ దూరంగా ఉంచడమే.

తెలుగు రాష్ట్రాల్లో, దేశంలోని ఇతర ప్రాంతాల్లో లాగే, ఈ ఆటలు ఎక్కువగా ఫోన్ల మీదే ఆడతారు. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించగా, దాని స్థానంలో 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. నలుగురి స్క్వాడ్‌లో చాలావరకు స్నేహితులు, హాస్టల్ సహవాసులు, అన్నదమ్ముల వరస అయినవారు ఉంటారు గనుక, వారి ర్యాంకులు వేరువేరైనా యంత్రం వారిని విడదీయలేదు. దెబ్బతిని నేలకూలిన సభ్యుడిని లేపడానికి, అంటే రివైవ్ చేయడానికి, ఇంకొకరు కొన్ని సెకన్లు కదలకుండా పక్కన ఉండాలి. కొత్తవాడు ఆరుబయట పడిపోతే అతన్ని లేపబోయిన పాతవాడు కూడా పోయే ప్రమాదముంది. స్నేహితుల మధ్య ఇది వెక్కిరింతతో పోతుంది. అపరిచితుల స్క్వాడ్‌లో పడ్డ తెలుగు ఆటగాడికి మాత్రం దీనికి తోడు భాష కూడా అడ్డమవుతుంది, ఎందుకంటే అక్కడ మైకులో వినిపించేది చాలాసార్లు హిందీయే.

ఫైనల్ ఫాంటసీ 14: బహుమతి, కిరీటం

పాతవారిని కొత్తవారి దగ్గరికి రప్పించే ప్రయత్నం ఎక్కువ విస్తృతంగా జరిగింది జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ 2013 ఆగస్టులో తిరిగి నిర్మించి విడుదల చేసిన ఫైనల్ ఫాంటసీ 14లోనే అనవచ్చు. కొత్త ఆటగాడి పేరు పక్కన చిన్న మొలక గుర్తు కనిపిస్తుంది. డ్యూటీ రూలెట్ అనే ఏర్పాటులో పాత ఆటగాడు ఎక్కడికి వెళ్లాలో యంత్రం నిర్ణయిస్తుంది. అది ఏళ్ల కిందట పూర్తిచేసిన నేలమాళిగ, అంటే డంజన్, అయినా సరే, అతని బలాన్ని ఆ చోటికి తగినట్టు తగ్గించి కొత్తవారి పక్కన నిలబెడుతుంది. జట్టులో ఎవరైనా ఆ చోటికి మొదటిసారి వచ్చినట్టయితే ఆ సంగతి తెరమీద కనిపిస్తుంది, పూర్తయ్యాక అందరికీ అదనపు బహుమతి దక్కుతుంది. దీనివల్ల మొదటిసారి వచ్చినవాడు జట్టుకు బరువు కాక లాభంగా కనిపించడం మొదలైంది. దయాగుణం మీద ఆధారపడని ఈ చిన్న లెక్క ఎన్ని ఉపదేశాలైనా సాధించలేని పని సాధించింది.

2016 ఫిబ్రవరిలో ఇదే ఆటలో మెంటర్ అనే హోదా, మెంటర్లూ కొత్తవారూ మాట్లాడుకునే నోవిస్ నెట్‌వర్క్ అనే సంభాషణా వేదిక వచ్చాయి. నిర్ణీత సంఖ్యలో పోటీలు పూర్తిచేసి, తోటివారి మెప్పు గుర్తులు సంపాదించినవారికి పేరు పక్కన కిరీటం గుర్తు వచ్చేది. మెంటర్ రూలెట్‌ను 2,000 సార్లు పూర్తిచేస్తే అరుదైన వాహనం లభించేది. నేర్పే ఓపిక ఉన్నవారితోపాటు, కిరీటం కోసమో వాహనం కోసమో చేరినవారు కూడా పెరిగేసరికి, ఆ గుర్తు ఆటగాళ్ల మధ్య గౌరవానికి ఎంత చిహ్నమో హాస్యానికి అంతే చిహ్నమైంది. డ్యూటీ రూలెట్‌లో బహుమతి కొత్తవారితో కలిసి ఆడిన పనికి దక్కుతుంది, కిరీటం మాత్రం అంతకుముందు ఆడిన ఆటల లెక్కకు దక్కింది. రెండింటి ఫలితాల్లో తేడాకు మూలం ఇదే.

తొందర మరొక చిక్కు. ప్రధాన కథ ముగింపులో వచ్చే రెండు నేలమాళిగల్లో పొడవైన కథా దృశ్యాలుండేవి. వాటిని చూస్తూ కూర్చున్న కొత్తవారు కళ్లు తెరిచేసరికి, దృశ్యాలను దాటవేసిన పాతవారు పోరాటాలన్నీ ముగించి ఉండేవారు. 2018లో నిర్మాతలు ఆ దృశ్యాలను ఎవరూ దాటవేయలేకుండా చేశారు, దాంతో వందోసారి వచ్చిన పాతవారు చేతులు కట్టుకుని కూర్చోవలసివచ్చింది. చివరకు 2022 ఏప్రిల్‌లో ఆ రెండింటినీ నలుగురి జట్టుకు సరిపడేలా తిరగరాసి, ఆఖరి పోరాటాన్ని విడదీశారు. ఒకరి తీరిక, మరొకరి తొందర ఒకే గదిలో ఇమడవని ఒప్పుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

ఈవ్ ఆన్‌లైన్: చిన్న నౌక, పెద్ద పని

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ అంతరిక్ష నౌకల యుద్ధానికీ వ్యాపారానికీ సంబంధించిన ఆట. ఇందులో నైపుణ్యాలు గడియారం ప్రకారం పెరుగుతాయి. ఆటగాడు ఆటలో లేనప్పుడు కూడా శిక్షణ సాగుతూనే ఉంటుంది కాబట్టి, పదేళ్ల ముందు చేరినవారి మొత్తాన్ని కొత్తవారు మామూలు దారిలో అందుకోలేరు. మోసం, దోపిడీ ఆటలో భాగంగానే చెల్లుతాయి. కొత్తవారు మొదలుపెట్టే కొన్ని నక్షత్ర మండలాల్లో మాత్రం వారి జోలికి వెళ్లడాన్ని నిర్మాతలు నిషేధించారు. ఇంత కఠినమైన ఆటలో కొత్తవారిని చేర్చుకునే సంప్రదాయం అన్నిటికంటే బలంగా ఎదగడం వింతగా తోచినా, దానికి కారణం ఆట నిర్మాణంలోనే ఉంది.

ప్రతి నైపుణ్యం అయిదో మెట్టుతో ఆగిపోతుంది. పాతవారికి వందల నైపుణ్యాలున్నా ఒక నౌకలో పనికివచ్చేవి కొన్నే గనుక, ఒక ఇరుకైన పనిలో కొత్తవారు తొందరగానే వారి దరిదాపులకు చేరగలరు. ఆ పని పేరు ట్యాకిల్. శత్రునౌక తప్పించుకోవాలంటే వార్ప్ అనే అతివేగ ప్రయాణం మొదలుపెట్టాలి. ఒక చవకైన చిన్న నౌకలో దాని దగ్గరికి దూసుకెళ్లి, వార్ప్‌ను అడ్డుకునే పరికరాన్ని ప్రయోగిస్తే, వెనక వచ్చే పెద్ద నౌకలు దాన్ని కూల్చగలుగుతాయి. ఈ పనికి చాలా తక్కువ శిక్షణ చాలు. చిన్న నౌక పేలిపోయినా నష్టం స్వల్పమే, అదీ చాలా సంఘాలు ఉమ్మడి నిధి నుంచి తిరిగి ఇచ్చేస్తాయి. చేరిన వారంలోనే ఒక కొత్తవాడు వందలమంది పాల్గొన్న యుద్ధంలో శత్రువును పట్టి ఉంచానని చెప్పుకోగలడు, ఆ మాట అతిశయోక్తి కాదు.

2004లో ఆటగాళ్లే స్థాపించుకున్న ఈవ్ యూనివర్సిటీ తరగతులు, అభ్యాస యుద్ధయాత్రలు, రాతపూర్వక పాఠాలు నిర్వహిస్తూ ఈనాటికీ నడుస్తోంది. ఇది బడి పద్ధతి. దానికి భిన్నంగా గూన్‌స్వార్మ్, ఆ తరువాత 2013లో మొదలైన బ్రేవ్ న్యూబీస్ వంటి సంఘాలు కొత్తవారిని నేరుగా యుద్ధానికే తీసుకుపోయి, చవక నౌకల గుంపులతో సంపన్న శత్రువులను ఎదుర్కొన్నాయి. ఇక్కడి పాతవారికి ఒక భయం కూడా ఉంది: కొత్త సభ్యుడి వేషంలో గూఢచారి రావచ్చు. అందుకే అనేక సంఘాలు చేర్చుకునే ముందు ప్రశ్నలడిగి, ఖాతా చరిత్ర పరిశీలించి, ఉమ్మడి గిడ్డంగుల తాళాలు చాలాకాలం ఇవ్వకుండా ఉంచుతాయి. నమ్మకం ఆలస్యంగా ఇచ్చి పని మాత్రం మొదటిరోజే ఇవ్వడం ఈ సంఘాల విశేషం.

గిల్డుల్లో ఆచారాలు

ఆటగాళ్లు దీర్ఘకాలం కలిసి ఆడేందుకు ఏర్పరచుకునే స్థిర సంఘాన్ని గిల్డ్ అనీ, కొన్ని ఆటల్లో క్లాన్ అనీ అంటారు. ఏ బృందంలోనైనా కొత్త సభ్యుడి ప్రయాణం పరిశీలన, సాంఘికీకరణ, కొనసాగింపు వంటి దశలుగా సాగుతుందనీ, సభ్యుడు బృందాన్ని ఎంత తూకం వేస్తాడో బృందం కూడా సభ్యుడిని అంతే తూకం వేస్తుందనీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు రిచర్డ్ మోర్‌ల్యాండ్, జాన్ లెవైన్ 1982లో వివరించారు. రెయిడ్ గిల్డుల్లో కొత్త సభ్యుడిని కొన్ని వారాలు ట్రయల్ మీద ఉంచడం ఈ మొదటి దశకు చక్కగా సరిపోతుంది.

ఈ సంఘాల్లో కొత్తవారికి అన్నిటికంటే ఇబ్బందికరమైనది సొమ్ము పంపకం. డజన్ల మంది కలిసి ఒక శత్రువును కూల్చితే దొరికే వస్తువులు రెండో మూడో. వాటిని ఎవరు తీసుకోవాలనే తగవును తీర్చేందుకు, 1999లో విడుదలైన ఎవర్‌క్వెస్ట్‌లో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ డ్రాగన్ కిల్ పాయింట్లు అనే లెక్కను వాడుకలోకి తెచ్చింది. దాడికి వచ్చిన ప్రతిసారీ పాయింట్లు జమ అవుతాయి, వస్తువు తీసుకున్నప్పుడు ఖర్చవుతాయి. ఎవరి హాజరు ఎంతో అంత హక్కు అనే ఈ న్యాయం చూడడానికి సమంజసమే. అయితే పాతవారు ఏడాదిగా కూడబెట్టిన నిల్వ ముందు కొత్తవారి పాయింట్లు ఎన్నటికీ సరిపోవు. మంచి ఆయుధం లేనిదే బాగా ఆడలేరు, బాగా ఆడనిదే గిల్డ్‌లో స్థిరపడలేరు. దీన్ని సరిచేసేందుకు కొన్ని గిల్డులు వారం వారం నిల్వలో కొంత శాతం కరిగిపోయే నియమం పెట్టాయి, మరికొన్ని పాయింట్లు వదిలేసి పెద్దల సంఘం నిర్ణయానికి అప్పగించాయి. ఈ రెండోది జట్టు అవసరాన్ని బట్టి కొత్తవారికి మేలు చేయగలదు, పెద్దల స్నేహితులకు కూడా అంతే మేలు చేయగలదు.

మానవ శాస్త్రజ్ఞురాలు జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ప్రచురించిన సిచ్యుయేటెడ్ లెర్నింగ్ అనే గ్రంథం ఆటల పరిశోధకులకు బాగా ఉపయోగపడింది. లైబీరియా దర్జీల దగ్గర చేరిన శిష్యులు మొదట గుండీలు కుట్టడం, అంచులు మడవడం నేర్చుకుని, ఆ తరువాతే బట్ట కత్తిరించడానికి వస్తారని అందులో ఉంది. కత్తెర తప్పితే బట్ట పాడవుతుంది, గుండీ తప్పితే దారం తెంచి మళ్లీ కుట్టవచ్చు. ఈవ్‌లో ట్యాకిల్ సరిగ్గా అటువంటి పనే. అంచున ఉన్నా ఆ పని నిజమైనదే కావడం ఇక్కడ కీలకం. కొత్తవాడిని ఆటలో అరటిపండుగా చేర్చుకుని వెంట తిప్పే గిల్డులో అతనికి వస్తువులు, స్థాయిలు త్వరగా రావచ్చు గానీ, అతని ఉనికి వల్ల ఫలితంలో ఏ తేడా లేదని అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని ఒక రెయిడ్ బృందంతో కలిసి ఆడుతూ పరిశోధించిన మార్క్ చెన్, ఆ బృందం స్నేహబంధాల మీద మొదలై, నైపుణ్యం కోసం కొత్త పనిముట్లను అలవరచుకుని, చివరకు విడిపోయిన క్రమాన్ని 2011లో వెలువడిన లీట్ నూబ్స్ అనే పుస్తకంలో నమోదు చేశాడు. శత్రువు కోపం ఏ ఆటగాడి మీద ఎంత ఉందో అంకెల్లో చూపే చిన్న ఉపకరణం వచ్చాక, ఎవరి తప్పు ఎంతో అందరికీ కనిపించసాగింది. ఇటువంటి అంకెలు కొత్తవారికి దారి చూపుతాయి, నిందకు ఆధారంగానూ మారతాయి.

మాట, సైగ, మౌనం

సలహా ఇవ్వడంలో అతి కూడా ఒక చిక్కే. ప్రతి అడుగూ పాతవారే చెబుతుంటే కొత్తవారు ఆదేశాలు పాటించే చేతులుగా మిగిలి, ఆటలో తాము కనిపెట్టవలసిన ఆనందాన్ని కోల్పోతారు. ఆరుగురు కలిసి చేసే డెస్టినీ రెయిడ్లలో కొత్తవారిని నడిపించే పాతవారిని షెర్పాలని పిలుస్తారు; దారిలో ఎదురయ్యే చిక్కుముడులను ముందే విప్పి చెప్పాలా వద్దా అనేది కొత్తవారినే అడిగి తెలుసుకోవడం వారిలో మంచి షెర్పాల పద్ధతి. మాట్లాడే భారాన్ని తగ్గించిన ఏర్పాట్లలో 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్‌లోని పింగ్ ముఖ్యమైనది: ఒక మీట నొక్కి శత్రువునో ఆయుధాన్నో చూపిస్తే జట్టుకంతటికీ గుర్తు, మాట అందుతాయి. గొంతు వినిపిస్తే వేధింపులు మొదలవుతాయని మైకు ఆపుకునే మహిళలకు, ఎదుటివారి భాష రానివారికి, ఆట పదజాలం ఇంకా అలవడని కొత్తవారికి ఇది ఒకేలా పనికివచ్చింది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2012లో తోటివారిని మెచ్చుకునే ఆనర్ పద్ధతిని తెచ్చి, 2021లో ప్రత్యర్థి జట్టుతో రాతపూర్వక సంభాషణను నిలిపివేసింది. సొంత జట్టు సంభాషణ మాత్రం మిగిలింది. కొత్తవారికి తిట్లు వచ్చే దారి ప్రధానంగా అదే.

మనుషుల అవసరమే లేకుండా చేసే ధోరణి ఇటీవల బలపడుతోంది. ఫైనల్ ఫాంటసీ 14లో 2022 నుంచి ప్రధాన కథలోని తొలి నేలమాళిగలను యంత్రం నడిపే సహచరులతోనే పూర్తిచేయవచ్చు, ఆ వెసులుబాటు తరువాత మిగిలిన కథకూ విస్తరించింది. నికొలస్ డ్యూషెనో తదితర పరిశోధకులు 2006లోనే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను పరిశీలించి, ఆటగాళ్లు తొలి స్థాయిల్లో ఎక్కువ కాలం ఇతరుల సమక్షంలో ఉంటూనే ఒంటరిగా ఆడుతున్నారని గుర్తించారు. యంత్ర సహచరులతో కొత్తవారు భయం లేకుండా నేర్చుకుంటారు, ఎవరి సమయమూ వృథా కాదు. అయితే కథ ముగిసిన తరువాత వచ్చే కఠినమైన రెయిడ్లకు ఆ సహచరులు రారు. అక్కడికి చేరిన ఆటగాడు స్థాయి రీత్యా పాతవాడే, ఏడుగురు మనుషుల మధ్య నిలబడి ఆడడంలో మాత్రం ఆ రోజే కొత్తవాడు.